మా నాన్న రైతేనని రాసివ్వండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్న మొన్న సంక్రాంతి వెళ్లాక గుండెపోటుతో కాలం చేశాడు. ప్రకాశం జిల్లా కొండపి మండలంలో పాతికేళ్లు కౌలుకు పొగాకు, మినుము పండించాడు. అయినా మీ శాఖ దగ్గరున్న ఏ కాగితంలోనూ ఆయన రైతు కాదు. అందుకే ఆయన ఎట్లాంటి రైతో నేనే రాసి పంపుతున్నాను.

పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే గదిని బ్యారన్ అంటారు. బ్యారన్ కాల్చే రోజుల్లో నాన్న ఇంట్లో పడుకోవడం నేను చూడలేదు. ఆకు లోపలికి ఎక్కించాక ఐదారు రోజులు వేడిని కనిపెట్టుకుని ఉండాలి. ముందు సన్నటి వేడికి ఆకు పసుపెక్కాలి, ఆ తర్వాత రెక్క ఆరాలి, చివరికి ఈనె. తొందరపడి మంట పెంచితే పచ్చగానే మాడిపోతుంది, ఆదమరిస్తే నల్లబడుతుంది. పొయ్యి ముందు నులక మంచం వేసుకుని, గంటకోసారి లేచి, టార్చిలైటు వేసి అద్దంలోంచి థర్మామీటర్ చూసేవాడు. చూసేవాడే గానీ దాన్ని పెద్దగా నమ్మేవాడు కాదు. ఒక ఆకు లాగి ఈనె విరిచేవాడు. టక్కున విరిగితే మంట ఆపేవాడు, వంగితే ఇంకో రెండు కట్టెలు. చేతులకు పట్టిన పొగాకు జిగురు ఎన్ని సబ్బులు రుద్దినా వదిలేది కాదు. అన్నం చేదెక్కుతుందని స్పూనుతో తినేవాడు. 'దొరగారు భోంచేస్తున్నారు' అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. ఆ దొరగారు జన్మలో ఒక్క చుట్ట ముట్టించలేదు. పొగాకు మానేసి వేరే పంట వేసుకోవచ్చుగా అంటారు కొందరు. పొలాన్ని బ్యారన్‌తో కలిపి కౌలుకిస్తే ఏం వేయాలో తేల్చేది కౌలుదారు కాదండి.

టంగుటూరు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయిన రోజు ఒంగోలు దాకా వెళ్లి అల్లూరయ్య మైసూర్‌పాక్ తెచ్చేవాడు. ఎవరూ పాడక, నో బిడ్ అయి సరుకు తిరిగొచ్చిన రోజు కూడా తెచ్చాడు, కాకపోతే పొట్లం చిన్నది. అమ్మినా బిల్లు పడేది బ్యారన్ యజమాని ఖాతాలోనే. కౌలు, అప్పు పోగా మిగిలింది నాన్న చేతికి వచ్చేది.

నా నర్సింగ్ ఫీజు ఎక్కడినుంచి తెచ్చేవాడో ఏనాడూ చెప్పలేదు. అడిగితే, 'నువ్వు చదువుకో తల్లీ, లెక్కలు నేను చూసుకుంటాలే' అనేవాడు. ఆయన పోయాక చొక్కా జేబులో చిన్న డైరీ దొరికింది. పెద్దదాని ఫీజు, రెండు రూపాయల వడ్డీ. పిల్లాడి కాలేజీ, మూడు రూపాయల వడ్డీ. ఒక పేజీలో అమ్మ దిద్దులు తాకట్టు పెట్టిన తేదీ ఉంది, విడిపించిన తేదీ లేదు.

బ్యాంకులో పంట రుణం దొరికి ఉంటే ఆ డైరీ అలా ఉండేది కాదు. బ్యాంకు వాళ్లు కౌలు కార్డు, అంటే పొలం కౌలుకు చేస్తున్నట్టు ప్రభుత్వం ఇచ్చే కార్డు తెమ్మన్నారు. కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. యజమాని మంచివాడే, మా కష్టసుఖాలకు వచ్చేవాడే. కానీ కాగితం ముందు పెడితే, 'సంతకం పెట్టాక రేపు పొలం నీదంటే నేనేం చేయాలి అబ్బాయా?' అన్నాడు. ఆ పొలం మీద ఆయన లోను కూడా ఉంది మరి. ఆయన భయం ఆయనది, తప్పు పట్టను.

కౌలు రైతుల కోసం తెచ్చిన 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకు ఈ సంతకం అక్కర్లేకపోయేది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. కార్డు పదకొండు నెలలకే, యాజమాన్య హక్కుకు ఏ ఢోకా లేదని చట్టంలోనే ఉంది. ఆ ముక్క యజమానుల చెవిన వేసిన అధికారిని మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు నాటిన మొక్కంతా నీళ్లలో కుళ్లింది. నారు మళ్లీ కొనుక్కొచ్చి నాటాడు నాన్న. నష్టం రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి ఆయన్ను చేలో నిలబెట్టి ఫొటో తీసింది. జాబితాలో ఎక్కింది మాత్రం యజమాని పేరు. అన్నదాత సుఖీభవను 2025 ఆగస్టు 2న మన జిల్లాలోనే, దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో మొదలుపెట్టారు. ఏడాదికి 20 వేలు. నాన్న ఆ సభను టీవీలో చివరిదాకా చూశాడు. కౌలు రైతులకూ ఇస్తారంట అని అమ్మతో అన్నాడు. కార్డు లేదుగా అంది అమ్మ. టీవీ కట్టేశాడు.

పోయిన మనిషికి మీరిప్పుడు ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఈ ఏడు అదే పొలం మా తమ్ముడు చేస్తున్నాడు. వాడికీ కార్డు లేదు. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. గ్రామసభ పెట్టి, చుట్టుపక్కల పొలాల వాళ్లను అడిగి, వీఆర్వో చేత రాయించి కార్డు ఇప్పించండి. యజమానికి అభ్యంతరం ఉంటే ఆ సభలోనే చెప్పనివ్వండి. అక్టోబరులో నాట్లు మొదలవుతాయి. ఆ లోపు ఇస్తేనే బ్యాంకు అప్పు పంటకు అందుతుంది, తర్వాత ఇస్తే వడ్డీ వ్యాపారి బాకీకి పోతుంది.

ఇట్లు,
ఒక కౌలు రైతు కూతురు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా