మా అమ్మను కాపాడిన మంచిర్యాల అక్కకు, బోటులోని అందరికీ కృతజ్ఞతలు

సంక్రాంతి సెలవుల్లో గోవా తీరం నుంచి గ్రాండ్ ఐలాండ్‌కు వెళ్లిన బోటులో మా కుటుంబానికి తోడుగా నిలిచిన వారందరికీ హనుమకొండ నుంచి మా ఇంటిల్లిపాదీ నమస్కరిస్తున్నాము. ఒడ్డుకు చేరగానే అమ్మను గదికి తీసుకువెళ్లాలన్న ఆత్రంలో ఎవరి ఫోన్ నంబరూ తీసుకోలేకపోయాము, చేతులెత్తి సరిగ్గా దండం కూడా పెట్టలేకపోయాము. ఆ వెలితి నన్ను వదలడం లేదు కాబట్టి నలుగురూ చూసే చోట ఈ మాటలు రాస్తున్నాను.

మా అమ్మకు 64 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. నీళ్లతో మా ఇంటివాళ్లకున్న పరిచయమల్లా చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకొని వ్యవసాయ బావిలో నేర్చుకున్న ఈత, లక్నవరం చెరువులో చేసిన పడవ షికారు మాత్రమే. సముద్రంలో బోటు ఊగితే తిన్నదంతా వాంతవుతుందని, ఖాళీ కడుపుతో వెళ్లడమే మేలని ఎవరో చెప్పిన మాట నమ్మి, అమ్మ పొద్దున షుగర్ మాత్ర వేసుకొని, టిఫిన్ తినకుండానే బోటెక్కింది. ఆమె మాకు చెప్పలేదు. అడిగి తెలుసుకోకపోవడం నా తప్పు.

ద్వీపం చాటున అలలు తక్కువగా ఉన్న చోట లంగరు వేశాక, నేనూ మా పదేళ్ల పాపా లైఫ్ జాకెట్లు వేసుకొని స్నార్కెలింగ్‌కు (మాస్కు, గొట్టం పెట్టుకొని నీటిపై తేలుతూ లోపలి చేపలను చూడటానికి) నీళ్లలోకి దిగాము. నా భార్య, చిన్నబాబు అమ్మ దగ్గర ఉన్నారు. కాసేపటికి అమ్మకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. బోటు ఊగడం వల్ల అప్పటికే మరో ఇద్దరు వాంతులు చేసుకోవడంతో, ఇదీ అదేనని అందరూ అనుకున్నారు. "ఏం గాలె బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్ గంతే" అని అమ్మ కూడా అన్నదట. అంతలో ఎదురు బల్ల మీద కూర్చున్న ఒక అక్క లేచి వచ్చి అమ్మ చేయి పట్టుకొని చూసి, వేళ్లు వణకడమూ మాట తడబడడమూ గమనించి, మనవడి పేరు చెప్పమని అడిగారు. అమ్మ చెప్పలేకపోయింది. మంచిర్యాలలో నర్సుగా పనిచేస్తున్న ఆ అక్క, తన మామగారి కోసం సంచిలో పెట్టుకున్న, రక్తంలో షుగర్ చూసే గ్లూకోమీటర్‌తో వెంటనే పరీక్ష చేశారు. షుగర్ 48 వచ్చింది. 70 కంటే తగ్గితేనే జాగ్రత్త పడాలంటారు.

అమ్మకు స్పృహ ఉంది, మింగగలుగుతోంది అని నిర్ధారించుకున్న తరువాతే ఆమె మూడు చెంచాల గ్లూకోజ్ పొడిని నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించారు. స్పృహ తప్పిన వారి నోట్లో ఏదీ పోయకూడదని, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని నా భార్యకు వివరించారు. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 63 ఉంది, మళ్లీ తాగించారు. మూడోసారి 92 వచ్చాక బిస్కెట్లు, అరటిపండు తినిపించారు. కొన్ని షుగర్ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఒకసారి పెరిగిందని నిశ్చింతగా ఉండవద్దని చెప్పి, తిరిగి ఒడ్డు చేరేదాకా అమ్మ పక్కనుంచి కదలలేదు. స్నార్కెలింగ్‌కు డబ్బు కట్టి, మాస్కు చేతిలో పట్టుకొని తన వంతు కోసం ఎదురుచూస్తున్న మనిషి, ఆ రోజు నీళ్లలోకి దిగనే లేదు.

అదే సమయంలో నీళ్లలో మాకు తోడుగా ఉన్న గైడు చేసిన మేలు కూడా చెప్పాలి. పైనుంచి నా భార్య కేక వినగానే నేను కంగారుగా బోటు వైపు ఈదాను. అది చూసి పాప భయపడి నోట్లోని గొట్టం వదిలేసింది, ఉప్పునీళ్లు మింగింది. ఆ అబ్బాయి పాప తలను నీళ్లపైకి ఎత్తి పట్టుకొని, మాస్కు ముక్కును మూసేస్తుంది కాబట్టి నోటితోనే నెమ్మదిగా గాలి పీల్చాలని, గొట్టంలోకి నీళ్లు వస్తే గట్టిగా ఊది బయటికి పంపాలని హిందీలో మళ్లీ మొదటి నుంచి నేర్పాడు. పాప భయం తీరాకే పైకి తెచ్చాడు. ఇప్పటికీ మా పాప సముద్రం అంటే చారల చేపల గురించే చెబుతుంది గాని మింగిన నీళ్ల గురించి చెప్పదు. ఆ అబ్బాయికి ఎంత రుణపడి ఉన్నామో ఆ ఒక్క సంగతిలోనే నాకు తెలుస్తోంది.

అమ్మ తేరుకునేదాకా బోటు కదిలించవద్దని అక్క కోరితే, సరంగు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. తోటి ప్రయాణికుల్లో ఒక్కరూ విసుక్కోలేదు. ఎండ తగలకుండా ఒక పెద్దాయన తన తువ్వాలును అమ్మ మీద కప్పారు. ఎవరి సెలవు రోజైనా విలువైనదే. వారంతా దాదాపు గంటసేపు మా కోసం వదులుకున్నారు.

వెళ్లేటప్పుడు దూరంగా మెరిసి మాయమైన డాల్ఫిన్లు తిరిగి వచ్చేటప్పుడు తీరానికి దగ్గరలో కనిపించాయి. వాటిని తరమకూడదని చెప్పి సరంగు ఇంజను ఆపేశాడు. అవి చేపలు కావు, మనలాగే ఊపిరి పీల్చుకునే జీవులు కాబట్టి కొద్ది నిమిషాల్లో వాటంతట అవే పైకి వచ్చాయి. ఆ తీరంలో ఉండే రకానికి వీపు మీద రెక్క కింద ఉబ్బెత్తుగా ఉంటుంది. అమ్మ అక్క భుజం పట్టుకొని లేచి నిలబడి, "ఎద్దు మూపురం లెక్కున్నది గదనే" అని నవ్వింది. అంతకు రెండు గంటల ముందు మనవడి పేరు చెప్పలేకపోయిన మనిషి నోట ఆ మాట విని నా భార్య ఏడ్చేసింది.

మంచిర్యాల అక్కా, ఈ రాత మీ కంటపడితే దయచేసి ఒక్క మాట తెలియజేయండి. అమ్మ మేడారం వెళ్లి సమ్మక్క తల్లికి మీ పేరు మీద కూడా బెల్లం (అక్కడ దాన్నే బంగారం అంటారు) సమర్పించి వచ్చింది. మీ పేరు తెలియదు కాబట్టి "మంచిర్యాల బిడ్డ" అని మొక్కిందట. ఆ బంగారంలో మీ వాటా డబ్బాలో పెట్టి ఉంచింది, మమ్మల్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదు.