ముస్టాంగ్ ముందు సస్పెన్షన్: ఇకపై ఏ పని ముందు చేస్తాం, ఏది మానేశాం

డాలస్ చుట్టుపక్కల 1965, 66 ఫోర్డ్ ముస్టాంగ్ కార్లు ఉన్న మన తెలుగువాళ్ళు మా గ్యారేజీలో ఎక్కువగా అడిగేది ఒకటే: "షాక్ టవర్లు కోసేసి ముస్టాంగ్ టూ కిట్ వేసేయండి." అంటే ఇంజిన్‌కు రెండు పక్కలా స్ప్రింగునూ షాక్‌నూ పట్టుకునే రేకు గూళ్ళు తీసేసి, వేరే రకం ముందు సస్పెన్షన్ వెల్డ్ చేయడం. ఆ పనిలో మాకు డబ్బులు ఎక్కువే. అయినా మామూలుగా రోడ్డు మీద తిరిగే బండికి ఇకపై మేం మొదట చెప్పేది అది కాదు.

ఈ బండికి విడిగా ఫ్రేమ్ ఉండదు. స్ప్రింగు, చక్రాన్ని పట్టుకునే రెండు ఆర్మ్‌లలో పైదాని మీద కూర్చుని బరువంతా టవర్లోకి పంపుతుంది. టవర్ పోతే ఆ బరువు అడ్డంగా వెల్డ్ చేసిన క్రాస్‌మెంబర్ (దూలం) మీదుగా ముందు రెయిల్స్ మీద, అంటే బాడీలో పొడవునా ఉండే రేకు దూలాల మీద పడుతుంది. అరవై ఏళ్ళ రెయిల్ లోపల తుప్పు ఉంటే అక్కడే చిరుగుతుంది. క్రాస్‌మెంబర్ కొంచెం వంకరగా కూర్చున్నా అలైన్‌మెంట్ ఎప్పటికీ కుదరదు. ఫోర్డ్ కొత్త వీ8 కోయోట్ లాంటి వెడల్పాటి ఇంజిన్ పెట్టేవాళ్ళకు మాత్రం వేరే దారి లేదు, టవర్లు తీయాల్సిందే.

మిగతావాళ్ళకు షెల్బీ డ్రాప్ చాలు. ఫోర్డ్ ఇంజినీర్ క్లాస్ ఆర్నింగ్ ఆలోచన ఇది. షెల్బీ కంపెనీ తయారుచేసిన 1965 జీటీ350 ముస్టాంగ్‌లో ఇదే చేశారు. పై ఆర్మ్ బోల్టు రంధ్రాలను టెంప్లేట్ పెట్టి ఒక అంగుళం కిందికి దించుతాం. మలుపులో బండి వాలినప్పుడు బయటి టైరు పైభాగం లోపలికి వాలి, రోడ్డును నిండుగా పట్టుకుంటుంది. అంగుళం కంటే ఎక్కువ దించమని అడగకండి. పై బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీలు) చివరిదాకా తిరిగి పట్టేస్తుంది, అప్పుడు దాన్ని ఏటవాలుగా కూర్చోబెట్టే వెడ్జ్ ప్లేటు వేయాలి. డ్రిల్ పెట్టే ముందు టవర్లో పగుళ్ళున్నాయేమో చూస్తాం. ఉంటే ముందు ఆ రిపేరు.

పూర్తిగా మానేసింది ఒకటుంది: స్ట్రట్ రాడ్‌కు (కింది ఆర్మ్‌ను ముందు వైపు బాడీకి పట్టి ఉంచే కడ్డీకి) పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు. కింది ఆర్మ్ కదిలినప్పుడల్లా రాడ్ కూడా పైకీ కిందికీ ఊగాలి. గట్టి పాలీ ఊగనివ్వదు. దాంతో రాడ్ బుష్ దగ్గరే వంగి వంగి, మర మొదలయ్యే చోట పగులుతుంది. బ్రేకు తొక్కినప్పుడు విరిగితే చక్రం వెనక్కి జారిపోతుంది. ఇప్పటికే మీ బండికి అవి ఉంటే దయచేసి ఆలస్యం చేయకుండా తీసుకురండి. వాటి బదులు రబ్బరు బుష్‌లు గానీ, బాల్ జాయింట్ ఉన్న అడ్జస్టబుల్ రాడ్ గానీ వేస్తాం.

రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిక పడే ఉండి, తొందరగా చిరిగిపోతుంది.

అలైన్‌మెంట్ పాత పుస్తకం చూసి చేయించకండి. ఆ లెక్కలు పాత రకం బయాస్ ప్లై టైర్లవి. ఇప్పటి రేడియల్ టైర్లకు మేం పెట్టేది: క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలు) ప్లస్ 2.5 నుంచి 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలు) మైనస్ అర డిగ్రీ, టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) అంగుళంలో 1/8. పవర్ స్టీరింగ్ లేకపోతే క్యాస్టర్ 2 దగ్గర ఆపుతాం, లేదంటే పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి.

1967-69 షెవర్లే కమారోల సంగతి వేరు. ముందు సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ వాటికి బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి మార్చినా బాడీ కోయక్కర్లేదు. అయినా ముందు అర అంగుళం పొడవెక్కువ ఉన్న పై బాల్ జాయింట్ వేసి చూడమంటాం.

పని బుక్ చేసే ముందు మాకు ఈ మూడు చోట్ల ఫొటోలు పంపండి: రెండు టవర్లు లోపలి వైపు నుంచి, స్ట్రట్ రాడ్ ముందు కొన, బ్యాటరీ ట్రే కింద రేకు. తుప్పు ముందు కనిపించేది అక్కడే.