సెట్లు వచ్చాయి, లైసెన్సు రాలేదు

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఫోన్ చేసినవాళ్లందరికీ "వచ్చే వారం ఇచ్చేస్తాం" అంటూ వచ్చాను. ఇక ఆ మాట అనను. అద్దెకివ్వడానికి తెచ్చిన కొత్త వాకీటాకీలు ఆఫీసులోనే ఉన్నాయి, ఛార్జింగ్ కూడా పెట్టి ఉంచాం. రావాల్సింది వాటి ఫ్రీక్వెన్సీ లైసెన్సు, అంటే ఫలానా రేడియో తరంగం మీద మాట్లాడుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. అది చేతికొచ్చేదాకా ఒక్క సెట్టూ బయటికి ఇవ్వం. అడ్వాన్సు కట్టినవాళ్లు అడిగితే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.

"ఆన్ చేస్తే పలుకుతున్నాయి కదా, మళ్లీ కాగితం దేనికి?" అని చాలామంది అడిగారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. దాచడమెందుకు, మొదట్లో కొన్న సెట్లను లైసెన్సు లేకుండానే, కంపెనీ నుంచి వచ్చిన ఛానెళ్ల మీదే తిప్పాం. ఒక సభలో మా కుర్రాడి సెట్లో "లైట్లు ఆపెయ్" అని వినిపించింది. ఆపేశాడు. వేదిక మీద మనిషి మాట్లాడుతుండగానే హాలంతా చీకటి. తీరా చూస్తే ఆ మాట మావాళ్లది కాదు. పక్క భవనంలో ఎవరో పని ముగించుకుని సామాను సర్దుకుంటున్నారు. వాళ్లవీ అలాంటి సెట్లే, అదే ఛానెల్. తిట్లు తిన్నది కుర్రాడు, తప్పు నాది.

తర్వాత కొన్నాళ్లు "ప్రైవసీ కోడ్" పెట్టి నెట్టుకొచ్చాం. దాని పేరు చూసి మోసపోకండి. చెవిలో దూది పెట్టుకోవడం లాంటిదది. పక్కవాళ్ల గొంతు మనకు వినిపించదంతే. వాళ్లు ఆ ఛానెల్‌ను వాడుతూనే ఉంటారు, మన మాటలు వినాలనుకుంటే వింటారు కూడా. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కితే మిగిలేది గరగరే.

చివరికి పాత సెట్లకు లైసెన్సు తీసుకున్నాం. ఎన్ని సెట్లు, ఎన్ని వాట్లు, యాంటెన్నా ఎంత ఎత్తు, ఎక్కడ వాడతారు అని లైసెన్సు ఇచ్చేవాళ్లు అడిగారు. ఆ చుట్టుపక్కల ఎవరికి ఏది ఇచ్చారో చూసుకుని, వాళ్లకు అడ్డు రాని ఫ్రీక్వెన్సీ కేటాయించారు. ఆలస్యమంతా ఈ వెతుకులాటలోనే. మా కాగితం మీద 11కె0ఎఫ్3ఇ అని ఒక ముక్క ఉంటుంది. మొదటిసారి చూసి అచ్చుతప్పు అనుకున్నాను. అర్థం ఇదీ: 11 కిలోహెర్ట్జ్ వెడల్పు, ఎఫ్ఎం పద్ధతి, ఒకే అనలాగ్ ఛానెల్, మనిషి మాట. మాకిచ్చిన చోటు అంతే, అంతకు మించి ఒక్క గీత కూడా పక్కకు జరగకూడదు.

వైఫైకి లేని లైసెన్సు దీనికెందుకని ఇంకో ప్రశ్న. వైఫై తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ లాంటి చోట్ల ఎవరికీ విడిగా లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ అక్కడ పవర్‌కు హద్దుంది, పరికరానికి ఆమోదం ఉండాలి. పైగా పక్కింటి రౌటరో మైక్రోవేవ్ ఓవెనో అడ్డొస్తే సర్దుకుపోవాల్సిందే, ఫిర్యాదు చెల్లదు. వాకీటాకీల్లోనూ అలాంటివి ఉన్నాయి గానీ దేశానికో తీరు. యూరప్‌లో 446 మెగాహెర్ట్జ్ దగ్గర అర వాటు సెట్లు ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో అలాంటి వాడకానికి ఇచ్చింది 462, 467 దగ్గర. అందుకే విదేశాల నుంచి తెచ్చుకున్న సెట్లకు ఛానెళ్లు పెట్టివ్వమంటే మేం చెయ్యం. మొహమాటపెట్టొద్దు.

ఇదంతా అధికారుల చాదస్తమని నేననుకోవడం లేదు. ఆపదలో ఉన్నవాళ్ల పిలుపు మిగతా మాటల్లో కలిసిపోకూడదు. 1912లో టైటానిక్ ఓడ మునిగిన నాలుగు నెలలకే అమెరికా రేడియో స్టేషన్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇప్పటికీ 121.5 మెగాహెర్ట్జ్ ఆపదలో ఉన్న విమానాలది, 156.8 ఆపదలో ఉన్న ఓడలది. తరంగానికి సరిహద్దు తెలియదు కాబట్టి, ఏ పట్టీ (అంటే పక్కపక్కనే ఉన్న ఫ్రీక్వెన్సీల వరుస) దేనికన్నది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ద్వారా దేశాలన్నీ కూర్చుని ఒప్పందం చేసుకుంటాయి. ఆ పట్టీలో ఎవరికివ్వాలన్నది ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వం చూసుకుంటుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ఫోన్ కంపెనీలకు పెద్ద పట్టీలు వేలంలో పోతాయి, సర్దుకోవాల్సింది చిన్నవాళ్లు. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ పట్టీ అలాగే వేలంలో పోయింది. అందులో పనిచేసే వైర్‌లెస్ మైకుల్లో చాలావాటిని 2020 జులై 13 కల్లా ఆపేయాల్సి వచ్చింది. మైకులు పాడైపోలేదు, వాటి చోటు పోయింది. నేను కొత్త మైకులు కొనడానికి వెనకాడుతున్నది అందుకే.

ప్రస్తుతానికి లైసెన్సున్న పాత సెట్లు ఉన్నాయి, తక్కువే. ముందు అడిగినవాళ్లకు ముందు. బుక్ చేసేటప్పుడు ఎక్కడ వాడతారో కచ్చితంగా చెప్పండి. కాగితంలో రాసిన ప్రాంతం దాటితే అవీ ఇవ్వలేను.