వెనక బుష్‌లు మార్పించుకున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి

సంక్రాంతి తర్వాత రేణిగుంట రోడ్డులోని మా షెడ్డులో అంబాసిడర్ కారుకి గానీ, పద్మిని కారుకి గానీ వెనక కమాన్ కట్టల (బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల) చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు వేయించుకున్నవాళ్లందరికీ ఈ మాట. బిగింపులో తప్పు జరిగింది, అది మాదే. సరిచేయడం అరగంట పని. డబ్బులు వద్దు.

చిత్తూరు నుంచి ఒక పెద్దాయన అంబాసిడర్ తెచ్చారు. "ఏం సామీ, కొత్త బుష్‌లు వేసి రెండు నెలలు కాలేదు, గుంత వస్తే చాలు కిర్రుమంటోంది, వెనక కూర్చున్నోళ్లని ఎగరేస్తోంది" అన్నారు. నేను షాక్ అబ్జార్బర్లు పోయాయన్నాను. రెండూ మార్చి డబ్బు కూడా తీసుకున్నాను. వారానికి మళ్లీ వచ్చారు, అదే కిర్రు. అప్పుడు బుష్ బయటికి తీస్తే రబ్బరు మెలి తిరిగి అంచున చీలి ఉంది. పాత షాక్‌లు బాగానే ఉన్నాయి. ఆయన డబ్బు ఆయనకి ఇచ్చేశాను.

విషయం ఏమిటంటే, జాకీ మీద బాడీని లేపినప్పుడు చక్రాలు వేలాడి కమాన్ పట్టీలు బాగా వంగి ఉంటాయి. అప్పుడే షాకిల్ (కమాన్ చివరని బాడీకి కలిపే, ఊగే లింకు) బోల్టులు గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టేసుకుంటుంది. బండి దించగానే బరువుకి పట్టీలు సాగి షాకిల్ వెనక్కి జరుగుతుంది, రబ్బరు మెలిపడుతుంది. ఊరికే నిలబెట్టినా ఆ మెలి పోదు. ఇక గుంతల్లో ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఇది నాకు తెలియక కాదు. బండి చక్రాల మీద ఉండగానే కింద నుంచి పనిచేసే గుంత, అంటే పిట్టు, ఉన్నది ఒకటే, బండ్లు ఎక్కువయ్యాయి, జాకీ మీదే కానిచ్చేయమని కుర్రాళ్లకి చెప్పింది నేనే.

ఇప్పుడు బోల్టులు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద దించి, వెనక నాలుగుసార్లు ఊపి, పిట్టులోంచి బిగిస్తున్నాం. మూడొందల కిలోమీటర్లు తిరిగాక కమాన్ కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా ఒకసారి చూపించుకోండి, పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి. కిర్రుమంటోందని బుష్‌లకి వేస్ట్ ఆయిల్ మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బరువుకి వెనక కుంగకుండా కమాన్‌లో అదనపు పట్టీ వేయమని అడిగేవాళ్లకి ఇకపై వేయను. ఆరుగురు సామానుతో కొండెక్కేది నెలకో రోజు. మిగతా రోజులు ఖాళీ బండి వెనక చక్రాలు గంతులేస్తాయి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపుల్లో అది మంచిది కాదు. పాత పట్టీలకే వంపు కొట్టిస్తాను. దానికి రెండు రోజులు పడుతుంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడొచ్చే బుష్‌లన్నీ ఒకే నాణ్యతలో ఉండవు. చీలినవి ఉంటే మా ఖర్చుతోనే మారుస్తాం గానీ, మంచివి దొరికేదాకా కొంచెం ఆగాల్సి రావచ్చు.

పొద్దున పదిలోపు వస్తే పిట్టు ఖాళీగా ఉంటుంది. పాత బిల్లు చూపించక్కర్లేదు. డిక్కీలో సామాను మాత్రం దించేసి రండి, లేదంటే బిగించాల్సిన ఎత్తు తేడా వస్తుంది.