జార్జియాలోని టిబిలిసిలో చదువుతున్న మా అమ్మాయికి

చిట్టితల్లికి,

యేసుప్రభువు నామంలో దీవెనలు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్‌లో మొదలుపెడితే ఇద్దరం వాదనలోకి దిగుతాం, అందుకే రాస్తున్నాను. నీ క్లాస్‌మేట్‌తో పాటు ఆర్థడాక్స్ చర్చికి వెళ్ళి, ప్రభు భోజనం వరుసలో నిలబడితే, నువ్వు వాళ్ళ సంఘం కాదని తెలిసి అయ్యగారు నిన్ను పక్కకు పంపారన్నావు. నీ ముందున్న చంటిబిడ్డకు మాత్రం స్పూనుతో ఇచ్చారన్నావు. "అంటే నేను క్రైస్తవురాలిని కానా నాన్నా?" అని అడిగావు.

క్రైస్తవురాలివే. ఆ అయ్యగారు కూడా కాదని అని ఉండరు. ముందు ఆ చంటిబిడ్డ సంగతి చూద్దాం. వాళ్ళ దగ్గర బాప్తిస్మం, తైలంతో అభిషేకం, ప్రభు భోజనం మూడూ పసితనంలోనే అయిపోతాయి. మన సి.ఎస్.ఐ.లో (దక్షిణ భారత సంఘంలో) బాప్తిస్మం ఇచ్చాక, పెద్దయ్యి తమ విశ్వాసం తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ దాకా పిల్లల్ని ఆపుతాం. వచనాలన్నీ అప్పజెప్పాక గానీ నీకు మన అయ్యగారు రొట్టె ఇవ్వలేదు కదా. ఆ లెక్కన ఆ బిడ్డ వాళ్ళ సంఘంలో పూర్తి సభ్యుడు, నువ్వు అతిథివి. కాథలిక్కులు వెళ్ళినా ఇదే జవాబు. ఆర్థడాక్స్ వాళ్ళ సొంత మనుషులు కూడా ఉపవాసం ఉండి, పాపాలు ఒప్పుకుని గానీ పాత్ర దగ్గరికి రారు.

మనం ఏమనుకుంటాం? ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటే మనసులు వాటంతటవే కలుస్తాయి అనుకుంటాం. వాళ్ళు అలా అనుకోరు. విశ్వాసం ఒకటి కావాలి, బిషప్పులు ఒకరినొకరు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే బల్ల. వాళ్ళకు అది పెళ్ళిచూపులు కాదు, కాపురం. నాకు ఈ పద్ధతి నచ్చదు, కానీ దీన్ని అహంకారం అనలేను.

తేడాలు ఏమిటని అడిగావు. అన్నీ రాస్తే పుస్తకం అవుతుంది. పటాల గురించి నువ్వు ఎక్కువ కంగారు పడ్డావు గానీ నా దృష్టిలో అది చిన్నది. 787లో రెండో నైసియా మహాసభ పటాలకు గౌరవమే తప్ప ఆరాధన కాదని తేల్చింది. మన ఇళ్ళలో గోడ మీద యేసయ్య పటానికి లైట్లు పెట్టుకుని, వాళ్ళు పటాన్ని ముద్దుపెట్టుకుంటే మూతి విరవడం నాకు బాగోదు.

నైసీన్ విశ్వాస ప్రమాణం దగ్గర తేడా పెద్దది. 381లో రాసుకున్న మాట ప్రకారం పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతాడు. పశ్చిమ దేశాల వాళ్ళు "కుమారుని నుండియు" అని చేర్చారు. రోమ్‌లో ఆరాధనలోకి ఈ మాట 1014లో వచ్చింది. ఆ మాట తప్పా ఒప్పా అన్నది ఒక గొడవ. అందరూ కూర్చుని రాసుకున్న దాన్ని ఒక పక్షం ఒంటరిగా ఎలా మార్చిందన్నది రెండో గొడవ. వాళ్ళకు మండేది ఈ రెండోదానికే అని నేను అనుకుంటాను. 1054లో రోమ్, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) ఒకరినొకరు వెలివేసుకున్నారు. ఆ వెలిని పోప్ ఆరో పౌల్, కాన్‌స్టాంటినోపుల్ సంఘ పెద్ద (పేట్రియార్క్) అథెనగోరస్ 1965లో రద్దు చేశారు. అయినా పాత్ర ఒకటి కాలేదు. ఎందుకంటే 1204లో క్రూసేడ్ సైనికులు కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్న జ్ఞాపకాన్ని కాగితం మీద రద్దు చేయలేరు. 2001లో పోప్ రెండో జాన్ పాల్ ఏథెన్స్ వెళ్ళి క్షమాపణ అడగాల్సి వచ్చింది.

మీ ఊళ్ళోనే ఇంకో తమాషా ఉంది. పాతబస్తీలో అర్మేనియన్ల సెయింట్ జార్జ్ చర్చి ఉంది, వెళ్ళి చూడు. వాళ్ళ పేరులోనూ ఆర్థడాక్స్ అనే ఉంటుంది, కానీ జార్జియన్లతో కలిసి ప్రభు భోజనం చేయరు. క్రీస్తులో దైవత్వం, మానవత్వం ఎలా కలిశాయో చెప్పడానికి 451లో చాల్సెడన్ మహాసభ "రెండు స్వభావాలు" అంది. అర్మేనియన్లు, కాప్టులు (ఈజిప్టు క్రైస్తవులు), సిరియన్లు ఒప్పుకోలేదు. మన కేరళ ఆర్థడాక్స్ వాళ్ళదీ ఆ పక్షమే. 1964లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో రెండు పక్షాల పండితులు కూర్చున్నారు. ఆ సమావేశం జరగడానికి ముఖ్య కారకుల్లో ఒకరు కేరళకు చెందిన పాల్ వర్గీస్, తర్వాత పౌలోస్ మార్ గ్రెగోరియోస్ అయ్యారు. మాటలు వేరైనా ఇద్దరి విశ్వాసం ఒకటేనని తేల్చుకున్నారు. 1990లో అధికారిక ప్రకటన కూడా వచ్చింది, వెలి ఎత్తేయమని. అది జరగలేదు. మీ జార్జియా బిషప్పుల సభ (సినడ్) 1998లో ఆ ఒప్పందాన్ని తిరస్కరించింది. ఆ ముందు ఏడాదే జార్జియా సంఘం ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి నుంచి బయటికొచ్చింది. అదే మండలికి వాళ్ళ అప్పటి పేట్రియార్క్ రెండో ఇలియా ఒకప్పుడు అధ్యక్షుల్లో ఒకరు! మఠాల సన్యాసులు తిరగబడ్డారు, ఆయన సంఘాన్ని చీల్చుకోవడం కన్నా మండలిని వదులుకున్నారు.

వాళ్ళు మొండివాళ్ళని తొందరపడి అనకు. 1811లో వాళ్ళ సంఘం స్వతంత్రాన్ని రష్యా తీసేసింది, అదీ సాటి ఆర్థడాక్స్ రష్యానే. 1917లో తిరిగి వచ్చింది. నాలుగేళ్ళకే సోవియట్ వాళ్ళు వచ్చారు, గుళ్ళు మూశారు. అంత పోగొట్టుకుని మిగుల్చుకున్నవాళ్ళకు "అందరం కలిసిపోదాం" అన్న మాట వింటేనే భయం వేస్తుంది.

ఈ భయం మనకు తెలియనిది కాదు. మన నంద్యాల కథ నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. 1919లో తరంగంబాడిలో దక్షిణాది సంఘాల పెద్దలు ఐక్యత గురించి మాట్లాడుకున్నారు. అందులో దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ముఖ్యులు. సి.ఎస్.ఐ. పుట్టడానికి 1947 సెప్టెంబరు 27 దాకా పట్టింది. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, చూడలేదు. అన్నేళ్ళు గొడవ దేనిమీద? బిషప్ చేతులుంచి అభిషేకించని పాదిర్లను అలాగే ఒప్పుకోవాలా, మళ్ళీ అభిషేకించాలా అని. చివరికి ఉన్నవాళ్ళను ఉన్నట్టే తీసుకుని, కొత్తవాళ్ళను మాత్రం బిషప్పులే అభిషేకించాలని రాసుకున్నారు. ఏ సంఘం మనస్సాక్షి ఒప్పుకోని పాదిరిని ఆ సంఘం మీద రుద్దబోమని మాట కూడా ఇచ్చుకున్నారు. అయినా మన నంద్యాల ఆంగ్లికన్లు (ఇంగ్లండు సంఘం పద్ధతివాళ్ళు) చాలామంది చేరలేదు. అపొస్తలుల నుంచి చేతుల మీదుగా వచ్చిన వరస తెగిపోతుందని వాళ్ళ బాధ. 1970ల్లో గానీ నంద్యాల సి.ఎస్.ఐ.లోకి రాలేదు. అలాంటి నంద్యాలకే 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్!

నీ క్లాస్‌మేట్‌కి ఈ మాట చెబితే ఆశ్చర్యపోతుంది. ఆర్థడాక్స్ వాళ్ళు స్త్రీలను పాదిర్లుగా ఒప్పుకోరు. అందుకని వాళ్ళతో మన దూరం 1947 కన్నా ఇప్పుడే ఎక్కువ. ఐక్యత కోసం పుష్పలలిత గారి అభిషేకాన్ని వెనక్కి తీసుకోమంటే నేను ఒప్పుకోను. మీ అమ్మ అయితే ఆ మాట పూర్తిగా విననే వినదు.

మరి కలుస్తామా? పైవాళ్ళు సంతకాలు పెడితే అయ్యేది కాదని చరిత్రే చెప్పింది. 1439లో ఫ్లోరెన్స్‌లో ఆర్థడాక్స్ బిషప్పులు దాదాపు అందరూ రోమ్‌తో ఐక్యతకు సంతకం పెట్టారు, ఎఫెసు బిషప్ మార్కు ఒక్కడు మొండికేశాడు. వాళ్ళు ఇంటికి వెళ్తే జనం ఒప్పుకోలేదు, పెట్టినవాళ్ళలో కొందరు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఆర్థడాక్స్ వాళ్ళు మార్కునే పరిశుద్ధుడు అంటారు. నా అంచనా అడిగితే, అర్మేనియన్లూ జార్జియన్లూ కలవడం అన్నిటికన్నా దగ్గర్లో ఉంది. రోమ్ తర్వాత. మనం వరసలో చివర. ఈస్టర్ తేదీ మాత్రం ముందే కుదరొచ్చు. 2025లో ఏప్రిల్ 20న అందరికీ ఒకే రోజు వచ్చింది, 2026లో మనకు ఏప్రిల్ 5, మీ దగ్గర 12. మళ్ళీ 2028లో కలుస్తుంది. ఆ ఒక్కటైనా శాశ్వతంగా కుదిరితే సంతోషిస్తాను.

మన ప్రొటెస్టెంట్లు వాళ్ళతో మొదట మాట్లాడిన తీరు నాకు ఇష్టం. 1570ల్లో జర్మనీలోని టూబింగన్ లూథరన్ పండితులు కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ రెండో జెరెమియాకు తమ విశ్వాసం గ్రీకులో పంపారు. ఆయన ఓపిగ్గా మూడు జవాబులు రాశారు. పారంపర్యం లేకుండా లేఖనం ఒక్కటే చాలదన్నారు, క్రియలు లేని విశ్వాసం కుదరదన్నారు, పరిశుద్ధులను ప్రార్థించడం తప్పు కాదన్నారు. 1581లో చివరికి, ఇక సిద్ధాంతాల గురించి రాయొద్దు, రాయాలనుకుంటే స్నేహం కోసం రాయండి అన్నారు. దాన్ని అందరూ ఓటమి అంటారు. నేను అనను, తలుపు వేయలేదు కదా.

ఇక నీ రెండో ప్రశ్న. మళ్ళీ బాప్తిస్మం తీసుకోమని ఆ అమ్మాయి అంటోందన్నావు. పాత్ర కోసం తీసుకోవద్దు. వాళ్ళ విశ్వాసమే నిజమని ఎప్పుడైనా నీ మనసుకు అనిపిస్తే అది వేరే సంగతి, అప్పుడు నాతో మాట్లాడు, అరవను. ఆ చర్చికి మాత్రం వెళ్ళడం మానకు. అక్కడ ముసుగు వేసుకోవడం, గంటల తరబడి నిలబడటం నీకు కొత్తేమీ కాదు. ఆరాధన చివర అక్కడ దీవించిన రొట్టె ఇస్తే అడుగు, అది వేరు, బయటివాళ్ళకు కూడా ఇస్తుంటారు.

అనాటమీ పరీక్ష తేదీ చెప్పు. డబ్బులు పదో తారీఖుకి వేస్తాను.

నాన్న