ఆ ముద్ర వేయకండి

పదో తరగతి తప్పిన పిల్లల మీద ‘వీడికి చదువు అబ్బదు’ అన్న ముద్ర వేయడం మన కోనసీమ ఊళ్లలో ఇకనైనా ఆగాలి. ఆ మాట అన్న పెద్దలు మర్నాటికి మరిచిపోతారు, పిల్లలు మాత్రం నమ్మేస్తారు. రావులపాలెం, కొత్తపేట వైపు సప్లిమెంటరీకి ఫీజు కట్టి కూడా పుస్తకం తెరవని పిల్లల్ని చూస్తున్నాను. ‘నాకు లెక్కలు రావండి’ అంటారే తప్ప ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పలేరు. వాళ్లే కొబ్బరి దింపు రోజున కాయల లెక్క, కూలి లెక్క నోటితో చెప్పేస్తారు! పొగడ్తతోనూ చిక్కు ఉంది. 1998లో మనస్తత్వ పరిశోధకులు క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలపై చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తెలివైనవాళ్లని మెప్పు పొందిన పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక డీలా పడ్డారు, బాగా శ్రమించారని మెప్పు పొందినవాళ్లు పట్టు వదల్లేదు. గట్టిగా అనుకుంటే చాలు, గెలిచేస్తారని నేను అనడం లేదు. దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు ఉండాలి, టెన్షన్ లేకుండా మళ్లీ ప్రయత్నించే వీలూ ఉండాలి. కాబట్టి బడుల్లో పేరెంట్ టీచర్ మీటింగులప్పుడు మార్కులు, ర్యాంకులు చదివి ఊరుకోకుండా, ప్రతి బిడ్డకూ ఏ పాఠం పట్టుబడింది, ఏది మిగిలింది, ఇంట్లో ఏం చేయాలి అన్నది విడిగా తల్లిదండ్రులకు చెప్పాలి. తప్పినవాళ్లకు సప్లిమెంటరీ పరీక్షల దాకా ఊరి బడిలోనే పొద్దుటి పూట తరగతులు నడపాలి.