కొత్త ట్రాక్ వద్దు, ఉన్న ఊరి దార్లను కలపండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో సైకిల్ ట్రాక్ మాట ఎప్పుడొచ్చినా అది పెద్ద రోడ్డు పక్కన రంగు పూసిన పట్టీ దగ్గరే ఆగిపోతుంది. అలాంటి పట్టీ ఎక్కడ వేసినా నెల తిరక్కుండానే ఆటోల స్టాండో, టెంకాయల బండ్లకు చోటో అవుతుంది. ప్రశాంతంగా సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు వెతుక్కుంటూ వెళ్లే ఫ్రాన్స్ పల్లెల్లో కొత్తగా కట్టింది తక్కువ. ఉన్న చిన్న రోడ్లను ఏరి, ఒకదానికొకటి కలిపి, మలుపు మలుపుకూ బోర్డు పెట్టారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోనూ ఆ పని చేయొచ్చు.

ఫ్రాన్స్‌లో రోడ్లన్నీ కలిపితే పది లక్షల కిలోమీటర్లు దాటుతాయి. అందులో మోటారు వాహనాలకే ప్రత్యేకించిన ఎక్స్‌ప్రెస్ దార్లు సుమారు 12 వేల కిలోమీటర్లు మాత్రమే. వాటి మీదికి సైకిల్‌ను రానివ్వరు. లారీలూ, దూరం పోయే కార్లూ చాలావరకు టోలు కట్టి వాటి మీదే పోతాయి. మిగిలిన వాటిలో సింహభాగం మన జిల్లా పరిషత్‌ను పోలిన డిపార్ట్‌మెంట్ల చేతిలోనూ, దాదాపు 35 వేల కమ్యూన్ల చేతిలోనూ ఉంటుంది. కమ్యూన్ అంటే మన పంచాయతీ లెక్క. నాలుగిళ్ల పల్లెకు కూడా తారు రోడ్డుంటుంది. దాని మీద తిరిగేది ఓ ట్రాక్టరు, ఓ టపా బండి. అక్కడి నిశ్శబ్దం ఇలా వచ్చిందే గానీ, మొదట్లో ఎవరూ సైకిళ్ల కోసమని వేసింది కాదు.

అక్కడికి వెళ్లి తొక్కాలనుకునేవాళ్లు ముందు మ్యాపు చదవడం నేర్చుకోవాలి. మిషెలిన్ కంపెనీ వేసే మ్యాపులో ఎర్రగీత పెద్ద రోడ్డు, పసుపు గీత మధ్యరకం, తెల్లగీత పల్లెదారి. తెల్లగీతలు పట్టుకుని పోతే చాలాచోట్ల మనిషి అలికిడి తప్ప బండి చప్పుడు వినపడదు. రోడ్డు నంబరు ముందు ‘డి’ ఉంటే అది డిపార్ట్‌మెంటు రోడ్డు. అయితే డి ఉన్నంత మాత్రాన ఖాళీగా ఉంటుందనుకుంటే దెబ్బతింటారు. 2006 ప్రాంతంలో సుమారు 18 వేల కిలోమీటర్ల జాతీయ రహదారుల్ని డిపార్ట్‌మెంట్లకు అప్పగించారు. పాత ఎన్-113 కొంతమేర డి-6113 అయింది, ఎన్-20 చాలాచోట్ల డి-820 అయింది. పేరు మారింది గానీ లారీలు తగ్గలేదు. పాత జాతీయ రహదారి నంబరు లోపల దాక్కుని కనిపించే మూడంకెల, నాలుగంకెల డి రోడ్లను వదిలేసి పక్కదారి చూసుకోవడం మేలు.

మోటారు బండ్లను పూర్తిగా ఆపేసిన దార్లూ ఉన్నాయి. వాటిని ‘వ్వా వెర్త్’ అంటారు. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా, మూతపడిన రైలు మార్గం మీద 1997లో తెరిచింది తొలినాళ్ల వాటిలో పేరున్నది. రైలు కట్ట కాబట్టి చదును, పెద్ద ఎక్కుడు ఉండదు. కానీ లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్లు సాగే దారి మొత్తం అలాంటిది కాదు. దాంట్లో పెద్ద భాగం మామూలు పల్లెరోడ్డే, కార్లు కూడా పోతాయి. సైకిల్ తొక్కే మనిషిని మోటారు బండి దాటేటప్పుడు ఊరి బయటైతే మీటరున్నర, ఊళ్లో అయితే మీటరు దూరం వదలాలని అక్కడి చట్టం. డ్రైవర్లు దాన్ని చాలావరకు పాటిస్తారు కాబట్టే వేరే ట్రాక్ లేకపోయినా నడుస్తోంది. మన జిల్లాల్లో అందరికంటే ముందు బస్సు డ్రైవర్ల శిక్షణలో చేర్చాల్సిన పాఠం ఇదే.

అక్కడా అంతా సవ్యంగా ఉండదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మిది కాలువ వెంట తులూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు తారు. అది దాటితే చాలాచోట్ల మట్టి, గులకరాయి, చెట్ల వేర్లు. సన్నటి టైర్లతో వెళ్లినవాళ్లు అక్కడ నడిపించుకుని పోవాల్సిందే. వేసవిలో రోడ్లకు తారు చల్లి పైన చిప్స్ పోస్తారు. ‘గ్రావియోఁ’ (చిప్స్ ఉన్నాయి) అన్న బోర్డు కనబడితే ముందు వేగం తగ్గించాలి, వంపులో బ్రేకు ముట్టుకోకూడదు. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, ఆదివారం మధ్యాహ్నం, కొన్నిచోట్ల సోమవారం కూడా మూసేస్తారు. నీళ్లకు అక్కడి సైకిల్ వాళ్లు వెళ్లేది శ్మశానం గేటు దగ్గరి కుళాయికి. మనవాళ్లకు మనసొప్పకపోవచ్చు గానీ ‘నాన్ పొతాబ్ల్’ (తాగే నీళ్లు కావు) అన్న బోర్డు లేకపోతే ఆ నీళ్లు నింపుకుంటారు.

ఇక మన సంగతి. లువార్ వెంట వాళ్లు చేసింది స్వర్ణముఖి వెంట మనం చేయొచ్చు. చంద్రగిరి, తొండవాడ అగస్తీశ్వరాలయం, యోగిమల్లవరం పరాశరేశ్వరాలయం, తిరుచానూరు, పూసలకు పేరుపడ్డ పాపానాయుడుపేట, గుడిమల్లం, చివరకు శ్రీకాళహస్తి. అన్నీ ఏటి ఒడ్డునో, దానికి దగ్గర్లోనో ఉన్నవే. మొత్తం యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏరు పారే వైపే పోతాం కాబట్టి పెద్ద ఎక్కుళ్లు ఉండవు. ఊరికీ ఊరికీ మధ్య పంచాయతీరాజ్ రోడ్లూ, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లూ ఉన్నాయి. పూతలపట్టు–నాయుడుపేట రహదారి వెడల్పయ్యాక పక్కన మిగిలిపోయిన పాత రోడ్డు ముక్కలున్నాయి. లేనిది ఏది ఎక్కడ కలుస్తుందో చెప్పే బోర్డు ఒక్కటే.

దారి ఖాయం చేసేముందు ప్రతి ముక్కనూ లెక్కగట్టాలి. ఉదయం ఆరుకు, ఎనిమిదిన్నరకు, సాయంత్రం నాలుగున్నరకు, ఆదివారం ఓసారి, పదిహేనేసి నిమిషాలు నిలబడి పోయే బండ్లు ఎంచండి. నిమిషానికి ఒకటికి మించకపోతే ఆ ముక్క పనికొస్తుంది. ఎనిమిదిన్నరకు లెక్క ఒక్కసారిగా పెరిగితే స్కూలు బస్సులని అర్థం. బండ్ల సంఖ్య కన్నా వేగం ముఖ్యం. గంటకు పది టిప్పర్లు పోయే రోడ్డు కంటే నలభై ట్రాక్టర్లు పోయే రోడ్డే నయం.

తర్వాత రోడ్డు అంచు చూడాలి. గ్రామ సడక్ రోడ్డు మామూలుగా 3.75 మీటర్ల వెడల్పు, బండ్లు మరీ తక్కువున్నచోట 3 మీటర్లు. దాని మీద మళ్లీ తారు పొర పడితే పక్కన మట్టి మార్జిన్ జానెడు కిందికి పడిపోతుంది. ఎదురుగా బస్సొస్తే సైకిల్ దిగాల్సింది ఆ గుంటలోకి. ముందు చక్రం దిగి మళ్లీ ఎక్కబోతే అంచుకు ఒరుసుకుని మనిషి బస్సు వైపే పడతాడు. ఈ పథకంలో వేసిన రోడ్డుకు ఐదేళ్లు కాంట్రాక్టరే మరమ్మతు చేయాలి. తేదీ బోర్డు మీద ఉంటుంది. గడువు తీరకముందే మార్జిన్‌కు గ్రావెల్ పోయించుకోవాలి.

ఏటి దారికి అసలు చిక్కు చప్టాలు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి ఏం చేసిందో తిరుపతి చుట్టుపక్కల అందరికీ గుర్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చప్టా దాటే ప్రతిచోటా వంతెన మీదుగా పోయే రెండో దారి బోర్డు మీదే ఉండాలి. నీళ్లు తీసిన తర్వాత వారం పది రోజులు చప్టా మీద పాచి ఉంటుంది. అక్కడ హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా నేరుగా పోవాలి. నమ్మకం లేకపోతే దిగి నడవాలి.

కోతల కాలంలో ఉలవకట్టె రోడ్డంతా పరిచి లారీల చేత తొక్కిస్తారు. గేర్ల సైకిల్‌తో దాని మీదుగా పోతే ఆ తీగ వెనక గేర్ల చిన్న పళ్లచక్రాల్లో చుట్టుకుని, పెడల్ తొక్కిన బలానికే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే కొక్కెం వంగిపోతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది. ఆ కొక్కెం పల్లెలో ఎక్కడా దొరకదు. దిగి సైకిల్‌ను ఎత్తి దాటించడమే. రైతుకు కళ్లం లేక రోడ్డెక్కాడు కాబట్టి అతన్ని తిట్టి లాభం లేదు. మామిడి కాలంలో దామలచెరువు, బంగారుపాళెం వైపు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ నెలల్లో అటు పోకపోవడమే మంచిది. భాకరాపేట ఘాట్, తలకోన, పలమనేరు అడవి వైపు ఏనుగులు తిరుగుతాయి గనక తెల్లవారుజాము ప్రయాణం పెట్టుకోకూడదు. బాగా వెలుతురొచ్చాకే అడవిలో అడుగు పెట్టాలి.

టైర్ల విషయంలో కొత్తగా సైకిల్ కొన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. 25 ఎంఎం వెడల్పు టైరులో 100 పీఎస్‌ఐ గాలి కొట్టి చిప్స్ రోడ్డు మీద ఎగురుతూ పోతారు. మన పల్లెదార్లకు 32 ఎంఎం టైరు, డెబ్బై కిలోల మనిషికి 55 నుంచి 60 పీఎస్‌ఐ చాలు. అంతకన్నా గట్టి గాలి వేగం పెంచదు, నడుముకు చేటు. కంపచెట్ల ముళ్లు దిగితే ట్యూబు మార్చగానే బయల్దేరకండి. టైరు లోపల దూది తిప్పితే ముల్లు మొన ఉన్నచోట పోగు తగులుకుంటుంది. అది పీకకపోతే ఫర్లాంగు పోకముందే కొత్త ట్యూబూ పోతుంది. సన్నటి ప్రెస్టా వాల్వున్న ట్యూబైతే పల్లె సైకిల్ షాపు పంపు దానికి సరిపోదు. చిన్న ఇత్తడి అడాప్టర్ వాల్వుకు బిగించుకునే పోవాలి.

ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ అధికారులను కోరేది ఇంతే. తొండవాడ నుంచి తిరుచానూరు దాకా మొదటి విడతగా బోర్డులు పెట్టండి. ఫ్రాన్స్‌లో తెల్లటి పలక మీద ఆకుపచ్చ అంచు, సైకిల్ బొమ్మ, ఊరి పేరు, కిలోమీటర్లు ఉంటాయి. మన బోర్డు మీదా అవి చాలు, తెలుగులో. కూడలికి ముందు ఒకటి, మలుపు తిరిగాక యాభై మీటర్లకు ఇంకొకటి పెట్టాలి. ఆ రెండోది లేకనే కొత్తవాళ్లు తప్పుదారిలో మైళ్లు పోతారు. స్పీడ్ బ్రేకర్లన్నిటికీ తెల్లచారలు కొట్టించండి. బోర్డుల కింద ఫ్లెక్సీలు కట్టకుండా చూసే బాధ్యత పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, లేదంటే మొదటి పండగకే ఊరి పేరు కనబడదు.

ఇట్లు,
సైకిల్ తొక్కేవాళ్లం కొందరం,
తిరుపతి